ఏడు వందల రూపాయల ఓబీడీ అడాప్టరు: ఇంజన్ దీపం వెలిగినప్పుడు ఎంతవరకు పనికివస్తుంది?

నిరుడు వేసవిలో విజయవాడలో ఒక బ్రోకరు ద్వారా 2015 నాటి పెట్రోలు కారు కొన్నాను. కొన్న మూడో రోజున గుంటూరు వెళుతుండగా, కాజ టోల్‌గేటు దాటిన కాసేపటికి, స్పీడోమీటరు పక్కన ఇంజన్ బొమ్మతో పసుపురంగు దీపం వెలిగింది. బండి నడకలో తేడా ఏమీ లేదు, ఇంజన్ వేడెక్కిన సూచనలూ లేవు. మర్నాడు ఒక వర్క్‌షాపులో చూపిస్తే, రెండు నిమిషాలు స్కానరు పెట్టి, ఆక్సిజన్ సెన్సరు (పొగలో ఆక్సిజన్ ఎంత ఉందో కొలిచే పరికరం) పోయిందనీ, కొత్తది వేయడానికి ఎనిమిది వేల దాకా అవుతుందనీ చెప్పారు. స్కానరు తెర మీద ఏమి వచ్చిందో మాత్రం చూపించలేదు. ఆ రాత్రే ఆన్‌లైన్‌లో ఏడు వందల రూపాయలకు కారులోని కంప్యూటరు నమోదు చేసుకున్న లోపాల కోడ్లను ఫోనులో చూపించే ఈ ఓబీడీ బ్లూటూత్ అడాప్టరు తెప్పించుకోవడానికి ఆర్డరు పెట్టాను.

వస్తువు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. స్టీరింగు కింద, మోకాళ్ల దగ్గర ఉండే 16 పిన్నుల సాకెట్‌లో దీన్ని గుచ్చి, ఇగ్నిషన్ వేసి, ఫోనులో 1234 అనే పిన్‌తో జతచేస్తే చాలు. మన దేశంలో బీఎస్-4 (కాలుష్య ప్రమాణం) కార్లకు ఓబీడీ-2 (ఇలా లోపాలను నమోదు చేసి చూపించే వ్యవస్థ) నిబంధన 2013 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది కాబట్టి, అంతకు ముందు తయారైన కారు ఉన్నవారు తమ బండికి ఇది పనిచేస్తుందో లేదో ముందే విచారించుకోవడం మంచిది. దీని మీద ‘ఈఎల్‌ఎం 327, వెర్షన్ 1.5’ అని స్టిక్కరు ఉంది. ఈఎల్‌ఎం 327 అనే చిప్‌ను రూపొందించిన కెనడా సంస్థ 1.5 అనే వెర్షన్‌ను అసలు విడుదలే చేయలేదు. అంటే ఇది నకలు అని దాని స్టిక్కరే ఒప్పుకుంటున్నది. నకలైనా ఇంజన్ కోడ్లు చదవడంలో ఇంతవరకు నన్ను మోసం చేయలేదు. ఐఫోనుతో మాత్రం జత కాలేదు. ఆండ్రాయిడ్ ఫోనుతోనే పని జరిగింది.

నా కారులో వచ్చిన కోడ్ పి 0135. ముందరి ఆక్సిజన్ సెన్సరు లోపల ఉండే హీటరు సర్క్యూట్‌లో లోపం ఉన్నదని దాని అర్థం. సెన్సరు బాగా వేడెక్కితేనే సరిగా పనిచేస్తుంది; ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు దాన్ని త్వరగా వేడి చేయడానికి ఆ చిన్న హీటరు ఉంటుంది. ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, సెన్సరు పోయిందని ఈ కోడ్ ఎక్కడా చెప్పడం లేదు. ఫ్యూజు కాలినా, తీగ తెగినా, కనెక్టరులో చిలుము పట్టినా, నిజంగానే హీటరు పోయినా ఇదే కోడ్ వస్తుంది. కోడ్‌ను విడిభాగం పేరుగా చదివేసి బిల్లు వేయడం సులువు, వెతకడం కష్టం. ఆటోనగర్‌లో నాకు తెలిసిన మెకానిక్‌కు ఫోను తెర చూపిస్తే, ఆయన ముందు ఫ్యూజు చూసి, తరువాత మల్టీమీటరుతో హీటరు రెసిస్టెన్స్ కొలిచి, చివరికి వైరింగు మీది గొట్టం విప్పారు. ఎలుక కొరికిన తీగ బయటపడింది. అతుకు వేసి, టేపు చుట్టి, మూడు వందలు తీసుకున్నారు.

నా దృష్టిలో ఈ అడాప్టరు విలువ కోడ్ చదవడం కన్నా మరో చోట ఎక్కువగా ఉంది. కోడ్లు చెరిపివేసినప్పటి నుంచి కారు తిరిగిన దూరాన్ని ఇది చూపిస్తుంది. తీగ అతికించకముందు చూసినప్పుడు అక్కడ 197 కిలోమీటర్లు ఉంది. కారు నా చేతికి వచ్చాక తిరిగింది 184 మాత్రమే. అంటే కారు నాకు అప్పగించడానికి 13 కిలోమీటర్ల ముందే ఎవరో కోడ్లు చెరిపివేశారన్నమాట. ఇలాంటి లోపం సాధారణంగా వరుసగా రెండు ప్రయాణాల్లో కనబడితే గానీ దీపం వెలగదు కనుక, బేరం కుదిరే రోజున డ్యాష్‌బోర్డు నిర్మలంగా కనిపించింది. బ్రోకరును అడిగితే కొత్త బ్యాటరీ వేయించామన్నాడు. చాలా కార్లలో బ్యాటరీ తీసినా ఈ లెక్క సున్నాకు వస్తుంది కాబట్టి అతని మాటను అబద్ధమని తేల్చలేను. బ్యాటరీ మాత్రం పాతదిగానే కనిపిస్తున్నది.

లోపాలు లేకపోలేదు. సాకెట్‌కు ఇగ్నిషన్ ఆపినా కరెంటు వస్తూనే ఉంటుంది. నేను ఒకసారి దీన్ని మరచిపోయి ఊరు వెళ్లి పది రోజులకు తిరిగివస్తే కారును తోసి స్టార్టు చేయవలసి వచ్చింది. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), ఎయిర్‌బ్యాగ్ దీపాల సంగతి ఇది నా కారులో చదవలేదు. ఆయిలు డబ్బా గుర్తుతో ఎర్ర దీపం వెలిగితే వెంటనే ఇంజన్ ఆపవలసిందే తప్ప అక్కడ దీన్ని తీసి గుచ్చుతూ కూర్చోకూడదు. ఇంజన్ దీపం మిణుకుమిణుకుమంటున్నా అంతే. మిస్‌ఫైరు (సిలిండరులో పెట్రోలు సరిగా మండకపోవడం) వల్ల మండని పెట్రోలు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరును పాడుచేస్తున్నదని దాని హెచ్చరిక. అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఫోనులో దీనితో పనిచేసే ఆప్‌లోని చెరిపివేసే బటన్. నొక్కగానే దీపం ఆరిపోతుంది, దానితోపాటు లోపం నమోదైన క్షణాన ఇంజన్ వేగం, వేడి ఎంత ఉన్నాయో తెలిపే సమాచారమూ పోతుంది. మెకానిక్‌కు ఆధారం మిగలదు.

పోయిన నెలలో మా తోడల్లుడుగారు ఏలూరులో ఒక కారు చూడబోతూ దీన్ని అడిగి తీసుకువెళ్లారు. కోడ్లు లేవనీ, ఇంజన్ తనను తాను చేసుకునే పరీక్షలన్నీ పూర్తయినట్టు చూపిస్తున్నదనీ, చెరిపివేసినప్పటి నుంచి తిరిగిన దూరం వేలల్లో ఉన్నదనీ అక్కడి నుంచే ఫోను చేసి చెప్పారు. ఆ కారు కొన్నారు. అడాప్టరు మాత్రం ఇంకా తిరిగి ఇవ్వలేదు.