జాగ్రత్త: "ఇక నూనె దొరకదు" అని భయపెట్టి అమ్ముతున్న డబ్బాలు కొనకండి (అనంతపురం)

అనంతపురంలో ఉన్నవాళ్లు, ముఖ్యంగా కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో సరుకులు తెప్పించుకునేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మూడు నూనె డబ్బాలకు 7,650 రూపాయలు కట్టి మోసపోయాను. మా వీధిలోనే ఇంకో ఐదారు ఇళ్లవాళ్లు కట్టారు.

మొదట గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. "ఓడలు ఆగిపోయాయి, రెండు నెలల దాకా సన్‌ఫ్లవర్ ఆయిల్ రాదు, కందిబేడలు, ఇంగువ కూడా కష్టమే, ఇంట్లో పెట్టుకోండి" అని. కింద ఎక్కడివో ఖాళీ అరల ఫోటోలు. మరుసటి రోజు పొద్దున అదే గ్రూపులో ఇంకొకాయన "15 కిలోల డబ్బా 2,550, కిలో 170 పడుతుంది, స్టాకు తక్కువ, ముందు డబ్బులు వేసినవాళ్లకే" అని పెట్టాడు. వార్తల్లో యుద్ధం గొడవలు చూస్తున్నాం. ఇంట్లో చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్నారు. రేపు 220 అయితే ఏం చేయాలన్న టెన్షన్‌లో ఫోన్ పే చేసేశాను. ఆ రోజు మా వీధి చివరి అంగడిలో లీటరు పాకెట్ 158కి నిక్షేపంగా దొరుకుతోంది. అక్కడిదాకా వెళ్లి చూసి రావాలన్న ఆలోచనే రాలేదు.

డబ్బాలు చీకటి పడ్డాక ఆటోలో వచ్చాయి. బిల్లు అడిగితే "గ్రూపులో పెడతానక్కా" అన్నాడు. ఈ రోజుకీ పెట్టలేదు.

ఆదివారం ఉగ్గానిలోకి బజ్జీలు వేద్దామని మొదటి డబ్బా తెరిచాను. మా అత్తమ్మ ఒక బజ్జీ తుంచి, వాసన చూసి పక్కన పెట్టేసింది. "ఏమ్మా, ఇది మనం వాడే నూనె కాదు. చేతికి జిడ్డు వదల్లేదు చూడు" అంది. నాకూ అనుమానం వచ్చి గాజు గ్లాసులో కొంచెం పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. తెల్లారి చూస్తే సగం గ్లాసు తెల్లగా గడ్డకట్టి ఉంది. పక్కనే పెట్టిన పాకెట్ నూనె మాత్రం నీళ్లలా తేటగా ఉంది. పామోలిన్ (పామాయిల్ నుంచి తీసే నూనె) చల్లబడితే అలా పేరుకుంటుంది, మంచి రిఫైన్డ్ సన్‌ఫ్లవర్ పేరుకోదు. ఒక మాట, ఈ పరీక్ష సన్‌ఫ్లవర్‌కే పనికొస్తుంది. మన చెనక్కాయ నూనె కూడా ఫ్రిజ్‌లో చిక్కబడుతుంది, దాన్ని చూసి కల్తీ అనుకోకండి.

అప్పుడు డబ్బాను వెలుతురులోకి తెచ్చి తిప్పి తిప్పి చూశాను. ముందు పెద్ద పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ. వెనక అడుగున చిన్న అక్షరాల్లో "బ్లెండెడ్ ఎడిబుల్ వెజిటబుల్ ఆయిల్". అంటే రెండు రకాల నూనెలు కలిపింది. అలా కలిపి అమ్మడం తప్పేం కాదు, కానీ ఏది ఎంత శాతమో డబ్బా మీదే రాయాలి. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన తీరు చూస్తే దీంట్లో పామోలిన్‌దే పెద్ద వాటా అనిపిస్తోంది. దాన్ని సన్‌ఫ్లవర్ అని చెప్పి సన్‌ఫ్లవర్ రేటుకు అమ్మాడు.

ఆ పక్కనే ఇంకో అంకె కనిపించింది: 15 లీటర్లు. కిలోలు కాదు! మా ఆయన తెరవని డబ్బాను పాత ఇనుము కొట్టుకు తీసుకెళ్లి తూకం వేయిస్తే 14.6 కిలోలు వచ్చింది. ఖాళీ డబ్బా 950 గ్రాములు. అంటే నూనె 13.65 కిలోలు. లీటరు నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది, పాకెట్ల మీద కూడా ఉంటుంది చూడండి. నిజంగా 15 కిలోల డబ్బా అయితే పదహారున్నర లీటర్ల దాకా ఉండాలి. కిలో 170 అన్నది లెక్కేస్తే 187 పడింది. నూనె కొనేటప్పుడు లీటరా, కిలోనా అన్నది తప్పకుండా అడగండి. పాకెట్లలోనూ ఇదే ఇబ్బంది. లీటరు పాకెట్ లాగే కనిపించేవి 850, 800 గ్రాములకే వస్తున్నాయి. రేటు తక్కువని చేతిలోకి తీసుకునే ముందు గ్రాములు చూడండి.

మూడో డబ్బా సంగతి ఇంకా బాధ. తేదీ ఉన్నచోట చిన్న స్టిక్కర్ అంటించి ఉంది. గోరుతో మూల లేపితే కింద పాత తేదీ. పైదానికీ దీనికీ పదకొండు నెలలు తేడా. మూత చుట్టూ కూడా నొక్కులు, గీతలు. ఒకసారి వాడిన డబ్బాలో మళ్లీ నూనె నింపి అమ్మకూడదని ఆహార భద్రత నిబంధనల్లోనే ఉంది. ఆ డబ్బా తెరవలేదు, తెరవను కూడా. పిల్లలు తినేది.

ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే ఇంకో సంగతి తెలుస్తోంది. మా ఇంట్లో నెలకు మూడు లీటర్లు వాడతాం. మూడు డబ్బాలంటే 45 లీటర్లు, పదిహేను నెలలకు సరిపోతుంది. మంచి నూనే అయినా మన ఎండలకు, ఒకసారి మూత తీశాక గాలి తగిలి, రెండు మూడు నెలల్లోనే ముక్కిన వాసన పట్టేది. భయంలో ఈ లెక్క ఒక్కరం కూడా వేసుకోలేదు.

భయానికి కారణమే లేదని నేను అనను. మన దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయట నుంచే వస్తుంది. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, పొద్దుతిరుగుడు నూనె ఎక్కువగా రష్యా, ఉక్రెయిన్, అర్జెంటీనాల నుంచి. కందులు మొజాంబిక్, టాంజానియా, మయన్మార్ నుంచి. ఇంగువ ముడి సరుకు ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్ వైపు నుంచి. వంటగ్యాస్ కూడా సగానికి పైగా దిగుమతే. ఎక్కడ ఏం జరిగినా మన వంటింటికి తగులుతుంది.

కానీ 2022 గుర్తు తెచ్చుకోండి. ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది, ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. వంటనూనెకు అది పెద్ద దెబ్బే. ఆ నిషేధాన్ని మే 23న ఎత్తేశారు, నెల కూడా నిలవలేదు. రేటు మండిపోయింది నిజమే, మా వీధి అంగట్లో నూనె మాత్రం అయిపోలేదు. ఓడలతో సంబంధం లేకుండా రేటు పెరిగిన సందర్భమూ ఉంది. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం ముడి నూనెల మీద మొత్తం దిగుమతి సుంకాన్ని 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది, 2025 మే చివర్లో 16.5కి దించింది. పెరిగిన రేటు దిగుతుంది కూడా. ఈలోగా 45 లీటర్లు నింపుకున్నవాళ్లే నష్టపోతారు.

మా ఇంట్లో ఇప్పుడు నెలన్నరకు సరిపడా మాత్రమే ఉంచుకుంటున్నాం. ఐదు లీటర్ల క్యాన్ ఒకటి, అది కూడా బిల్లు ఇచ్చే అంగట్లో. దాంతోపాటు గానుగలో చెనక్కాయ నూనె రెండు లీటర్లు. రేటు ఎక్కువే, కానీ మన కళ్ల ముందు ఆడించి ఇస్తారు. చెనక్కాయలకు పేరుపడ్డ జిల్లాలో ఉండి ఎక్కడి ఓడ కోసమో నేను ఇంత కంగారుపడ్డానే అని నిజంగా బాధేసింది. కందిబేడలు నాలుగు కిలోలు, ఎండలో పోసి, ఆరాక ఎండుమిరపకాయలు వేసి డబ్బాలో పెట్టాం. ఇంగువ 50 గ్రాములుంటే నాలుగు నెలలు వస్తుంది. "అసలు ముడి ఇంగువ, మళ్లీ రాదు" అని అరకిలో అంటగట్టేవాళ్లున్నారు, వద్దు.

అదే గ్రూపులో గ్యాస్ సిలిండర్లు కూడా ఎక్కువ రేటుకు ఇప్పిస్తామంటున్నారు. అది అసలే తీసుకోకండి. మీ ఏజెన్సీ సిలిండరే తీసుకుని, తెచ్చినతని దగ్గర కాటా మీద పెట్టించండి. సిలిండర్ మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది, దానికి 14.2 కిలోలు కలిపితే ఎంతో అంత తూగాలి.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడారు. తూనికలు, కొలతల శాఖకు, ఆహార భద్రత అధికారికి కూడా రాసి ఇచ్చాను. బిల్లు లేకపోవడమే పెద్ద ఇబ్బంది అయింది. ఫోన్ పే స్క్రీన్‌షాట్, గ్రూపు మెసేజ్, స్టిక్కర్ కింది తేదీ ఫోటో జతచేశాను. మీరు కూడా కొనివుంటే డబ్బా పారేయకండి, మెసేజ్‌లు చెరిపేయకండి. డబ్బా మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు ఉందో లేదో చూడండి. ఉంటే వాళ్ల వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, ఏ కంపెనీదో తెలుస్తుంది.

నిన్న సాయంత్రం అదే గ్రూపులో మళ్లీ మెసేజ్ పడింది: "ఆఖరి లోడు, శనివారం వస్తుంది, పేర్లు ఇవ్వండి." పాతూరు, కమలానగర్ వైపు గ్రూపుల్లో కూడా ఇదే తిరుగుతోందని మా వదిన చెప్పింది. ఇప్పటికే డబ్బులు వేసినవాళ్లు ఉంటే, ఆటో వచ్చినప్పుడు డబ్బా దించకముందే స్టిక్కర్ మూల గోరుతో లేపి చూడండి, తూకం వేయించండి, బిల్లు చేతికి వచ్చేదాకా ఆటోను కదలనివ్వకండి.