సింగపూర్ నుంచి పులి బొమ్మ డబ్బీ తేవాలా, నూనె సీసా తేవాలా?

ఊరికి టికెట్లు కొన్నామని తెలిసిన మరునాటి నుంచే ఫోన్లు మొదలవుతాయి. "ఆ పులి బొమ్మ డబ్బీలు ఓ అరడజను పట్టుకురా అమ్మా" అని పెద్దవాళ్లు అంటారు. "అది పాతకాలం సరుకు పిన్నీ, చైనా వాళ్ల నూనె ఏదో గట్టిగా పనిచేస్తుందట, అది తెండి" అని పిల్లలు అంటారు. రెండూ మంచివేనని చెప్పి ఇన్నేళ్లూ తప్పించుకున్నాను. ఈసారి తేల్చుకోక తప్పలేదు.

డబ్బీ అంటే టైగర్ బామ్, నొప్పికి, జలుబుకు పూసుకునేది. దాని సంగతి అందరికీ తెలిసిందే. రంగూన్‌లో మందుల దుకాణం నడిపిన ఔ చు కిన్ అనే చైనా వైద్యుడి మందు అది, ఆయన హక్కా తెగవాడు. ఆయన కొడుకులు దాన్ని ఊరూరా అమ్మి, 1926లో వ్యాపారాన్ని సింగపూర్‌కు మార్చారు. ఆ కొడుకుల్లో ఒకరైన బూన్ హా పేరులో 'హా' అంటే పులి. బొమ్మ అక్కడి నుంచి వచ్చిందే తప్ప డబ్బీలో పులి కొవ్వేమీ లేదు. కర్పూరం, పుదీనా పువ్వు, లవంగ నూనె, కాజుపుట్ చెట్టు ఆకుల నూనె, వీటిని పట్టి ఉంచే మైనం, అంతే. ఎర్ర డబ్బీలో దాల్చినచెక్క జాతి నూనె కూడా ఉంటుంది, అది కాస్త ఎక్కువ మండుతుంది, తెల్ల పంచెలకు మరక చేస్తుంది. తలనొప్పికి, జలుబుకు తెల్లది, కండరాల నొప్పికి ఎర్రది అన్నది ఇక్కడి వాడుక.

నూనె కథ వేరు. చైనీయులు దాన్ని 'హువొలువొ యు' అంటారు, ఒంట్లో నాళాలను కదిలించే నూనె అని అర్థం. వాళ్ల వైద్యంలో ఒక మాట ఉంది: పారితే నొప్పి లేదు, నొప్పి ఉందంటే పారడం లేదు. అందుకే ఈ నూనెను ఊరికే రాసి వదలరు. చైనాటౌన్‌లో నేను కొనే దుకాణం పెద్దాయన అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని, చేతులు రెండూ వేడెక్కేదాకా రుద్దుకుని, నా మోకాలి చిప్ప కింద బొటనవేలితో చిన్న చిన్న సున్నాలు చుట్టి చూపించాడు. రెండు నిమిషాల్లో కాలు తేలికైంది. ఆటల మైదానంలో నొప్పి స్ప్రే కొట్టినప్పుడు వచ్చే ఘాటు వాసన దుకాణమంతా నిండిపోయింది.

నా లెక్కలో అసలు విషయం ఆ వాసనలోనే ఉంది. అది మిథైల్ సాలిసిలేట్ వాసన. మన బామ్‌ల లేబుళ్ల మీద గంధపూర తైలం అని రాసేది దాదాపు ఇదే. ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. శుద్ధమైన తైలం ఒక్క చెంచాడు, అంటే 5 మి.లీ., పొరపాటున మింగితే 325 మి.గ్రా. ఆస్పిరిన్ మాత్రలు 20కి పైగా మింగినట్టే. ఈ చైనా నూనెల్లో కొన్నింటిలో సగం దాకా ఇదే ఉంటుంది. చర్మం గుండా కూడా రక్తంలోకి వెళుతుంది. రుద్దినకొద్దీ, వేడి కాపడం పెట్టినకొద్దీ ఇంకా ఎక్కువ వెళుతుంది.

ఇదంతా నాకు మా మామగారి వల్ల తెలిసింది. గుండె ఆపరేషన్ తర్వాత ఆయన రోజూ రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మాత్ర వేసుకుంటారు. పోయిన ఏడాది రక్తం మరీ పలచబడిందని పరీక్షలో తేలింది. మాత్ర మారలేదు, తిండి మారలేదు. డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే అత్తయ్య కిటికీ గట్టు మీది సీసా తెచ్చి చూపించారట. నేను తెచ్చిన సీసాయే, ముప్పావు వంతు ఖాళీ. పూటపూటా రెండు మోకాళ్లకూ రుద్దించుకుంటున్నారు. అది ఆపాక రక్తం మళ్లీ దారికొచ్చింది.

అందుకని ఏది గట్టిగా పనిచేస్తుందని నన్ను అడగకండి. పనిచేసేది నూనే, నేనూ అదే వాడతాను. పూసుకునేవారు ఏ మాత్రలు వేసుకుంటున్నారో ముందు చెప్పండి. రక్తం పలచబడే మందులున్నా, ఆస్పిరిన్ పడకపోయినా, ఇంట్లో సీసా మూతలు తీసే వయసు పిల్లలున్నా నా ఓటు డబ్బీకే. ఎర్రదైనా తెల్లదైనా మామూలు డబ్బీలో సాలిసిలేట్ ఉండదు. పులి బొమ్మ చూసి ఏదో ఒకటి బుట్టలో వేసుకోవద్దు, ఆ కంపెనీ వాళ్లదే పూత నూనెలో అది ఉంది. గొడ్డలి బొమ్మ (యాక్స్ బ్రాండ్) నూనెలోనూ ఉంది. డబ్బీ కూడా పసివాళ్లకు పనికిరాదు, కర్పూరంతో వాళ్లకు మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది.

నొప్పి ఉన్నచోట అంటించే పట్టీల గురించి అడిగేవారూ ఉన్నారు. పాతకాలపు నల్ల పట్టీ తయారీ చూడముచ్చటైనది. మూలికలను నువ్వుల నూనెలో నల్లగా మాడేదాకా వేయించి వడగట్టి, ఆ నూనెను మరిగించి ఎర్ర సీసం పొడి కలుపుతారు. చుక్క నీళ్లలో వేస్తే పూసలా నిలవాలి, అదే పాకం. తర్వాత 'అగ్ని విషం', అంటే చర్మాన్ని మండించే గుణం, పోవడానికి ఆ ముద్దను రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి, అప్పుడు గుడ్డకు పూస్తారు. ముచ్చటైనదే గానీ సీసం సీసమే, మా ఇంట్లోకి రానివ్వను. ఇప్పటి రబ్బరు పట్టీలు కొందరికి దద్దుర్లు తెస్తాయి. కస్తూరి కలిసినవి గర్భిణులు వాడకూడదు.

మూలికలను నెలల తరబడి సారాలో నానబెట్టి, దెబ్బలకు రాసుకునే 'దిత్ దా జావ్' కుంగ్ ఫూ నేర్చుకునేవారికి, మనకెందుకు. యునాన్ బైయావ్ అనే చైనా మందు స్ప్రే ఆటగాళ్లకు బాగుంటుంది, తెగిన చర్మం మీద మాత్రం కొట్టకూడదు.

ఈసారి పెట్టెలో తెల్ల డబ్బీలు ఆరు పెట్టాను. మామగారి వంతు రెండు. ముందే డాక్టరు గారికి లేబుల్ ఫొటో పంపితే చదివి సరేనన్నారు. నూనె సీసా ఒక్కటే కొన్నాను, నా మోకాలికి. అది సింగపూర్‌లోనే, బట్టల అలమర పై అరలో ఉంది.