గులాబీ రాయి ఉంగరం: మోర్గనైటా, కుంజైటా?

నిశ్చితార్థానికి వజ్రం వద్దు, గులాబీ రంగు రాయి కావాలని షాపుకు వెళ్తే మోర్గనైట్, కుంజైట్ అనే రెండు పేర్లు వినిపిస్తాయి. పక్కపక్కన పెట్టి చూస్తే చాలామంది చెయ్యి కుంజైట్ మీదికే వెళ్తుంది. నా చెయ్యీ అక్కడికే వెళ్తుంది. అయినా రోజూ వేలికి ఉండే ఉంగరానికి మాత్రం అది వద్దంటాను.

రెండింటి వెనకా ఉన్నది ఒకే మనిషి, న్యూయార్క్‌లోని టిఫనీ నగల కంపెనీ రత్న నిపుణుడు జార్జ్ ఫ్రెడరిక్ కుంజ్. 1902లో కాలిఫోర్నియాలోని పాలా దగ్గర దొరికిన ఊదా కలిసిన గులాబీ స్ఫటికాలు స్పోడుమీన్ అనే ఖనిజమని తేల్చింది ఆయనే. మరుసటి ఏడు ఆ రాయికి ఆయన పేరే పెట్టారు. 1910లో మడగాస్కర్ నుంచి గులాబీ రంగు బెరిల్ వచ్చింది. పచ్చకు స్వయానా చెల్లెలన్నమాట. దానికి కుంజ్ తమ కంపెనీ కొనుగోలుదారు, రత్నాల పిచ్చి ఉన్న బ్యాంకరు జె.పి. మోర్గన్ పేరు పెట్టాడు.

అంటే ఈ పేర్ల వయసు నూట పాతిక ఏళ్లు కూడా లేదు. "ప్రాచీన కాలం నుంచి ప్రేమకు చిహ్నం, హృదయ చక్రానికి మంచిది" అని ఎవరైనా ధర పెంచబోతే ఈ సంవత్సరాలు గుర్తు చేసుకోండి. నవరత్నాల్లో రెండింటికీ చోటు లేదు కాబట్టి ఏ గ్రహానికని అడిగే పనీ లేదు. ప్రేమ కథే కావాలంటే కుంజైట్‌కు ఒకటుంది. అమెరికా అధ్యక్షుడు కెనెడీ 1963 క్రిస్మస్‌కి భార్య జాక్విలిన్‌కు ఇవ్వాలని 47 క్యారెట్ల కుంజైట్ ఉంగరం కొన్నాడు. ఇచ్చేలోపే, నవంబరులో ఆయన హత్య జరిగింది. 1996లో ఆ ఉంగరం వేలానికి వచ్చింది.

ఇక అసలు సంగతి. కుంజైట్‌ను కిటికీ దగ్గర పట్టుకుని మెల్లగా తిప్పండి. ఒక వైపు నుంచి చిక్కటి రంగు కనిపిస్తుంది, పక్కకు తిప్పితే దాదాపు నీళ్లలా తెల్లబోతుంది. ఆ చిక్కదనం పై నుంచి కనబడాలని సాన పట్టేవాళ్లు రాయిని లోతుగా కోస్తారు. దాంతో ఉంగరంలో అది ఎత్తుగా కూర్చుంటుంది, గుమ్మానికో సింకు అంచుకో తగులుతూ ఉంటుంది. తగిలితే గీత పడి ఊరుకోదు, ఎందుకంటే స్పోడుమీన్‌కు రెండు దిశల్లో నున్నగా చీలిపోయే గుణం ఉంది. పొదిగేటప్పుడు గట్టిగా నొక్కినా చీలవచ్చు. గట్టిదనం మోస్ కొలతలో (గీతలను ఎంత తట్టుకుంటుందో 1 నుంచి 10 దాకా చెప్పే కొలత) 6.5 నుంచి 7. ఇంట్లో దుమ్ములో ఉండే ఇసుక రేణువుల గట్టిదనం 7, అంటే పొడి గుడ్డతో తుడిచినా పాలిష్ మెల్లగా పోతుంది. అన్నిటికీ మించి, ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది. అందుకే దీన్ని సాయంత్రం పూట పెట్టుకునే రాయి అంటారు. మన ఎండలకు ఇంకేం చెప్పాలి!

మోర్గనైట్ గట్టిదనం 7.5 నుంచి 8. తేలిగ్గా చీలదు, ఎండకు వెలవదు. కాస్త పసుపు, నారింజ ఛాయ ఉంటే వేడి చేసి తీసేస్తారు. ఆ మార్పు శాశ్వతం కాబట్టి భయం లేదు. దీని లోపం వేరు: రంగు మరీ లేత. చిన్న రాయిలో గులాబీ ఉందో లేదో వెతుక్కోవాలి, పెద్దది తీసుకుంటేనే అందం. పచ్చటి 22 క్యారెట్ల బంగారంలో ఇంకా వెలవెలబోతుంది. పైగా ఆ బంగారం మెత్తన, రాయిని పట్టే కొక్కేలు వంగిపోతాయి. 916 కావాలని పట్టుబట్టకుండా 18 క్యారెట్ల రోజ్ గోల్డ్ చేయించుకోవడం మేలు.

డబ్బుకు వెనకాడకపోతే నా ఓటు రెండింటికీ కాదు, పింక్ సఫైర్‌కు. కెంపు జాతిదే, గట్టిదనం 9, కాలేజీకీ వంటింటికీ కూడా తట్టుకుంటుంది. కాకపోతే చాలా బరువైన రాయి కాబట్టి, అదే క్యారెట్ మోర్గనైట్ కంటే చూపుకు చిన్నగా ఉంటుంది. ధర క్యారెట్ లెక్కనే కాక, మిల్లీమీటర్ల సైజు కూడా చూసి పోల్చుకోండి. ఫ్యాక్టరీలో తయారైన పింక్ సఫైర్లు చాలా చవకగా దొరుకుతాయి, కాబట్టి సహజమైనదేనని ల్యాబ్ సర్టిఫికెట్ లేకుండా డబ్బు కట్టొద్దు.

కుంజైట్ మీదే మనసు పడితే కమ్మలకో, లాకెట్‌కో పెట్టించుకోండి. అక్కడ దెబ్బలు తగలవు. దాన్ని షాపులో నగలు కడిగే అల్ట్రాసోనిక్ మెషీన్‌లో గానీ ఆవిరిలో గానీ పెట్టనివ్వకండి. మూడింటికీ గోరువెచ్చని నీళ్లు, పల్చటి కుంకుడు రసం, మెత్తటి బ్రష్ చాలు. మోర్గనైట్ కింద చేతి జిడ్డు పేరుకుంటే రాయి మొద్దుబారినట్టు కనిపిస్తుంది కాబట్టి దాన్ని కాస్త తరచుగా కడగాలి. వెనక మూసేసిన పొదుగుడైతే మాత్రం నీళ్లలో నానబెట్టకుండా తడి గుడ్డతో తుడవండి, లోపలికి చేరిన తడి మళ్లీ బయటకు రాదు.