లోయ వాగుల్లో ట్రౌట్‌కి రీల్ లేని రాడ్: కొన్ని సీజన్లు వాడాక టెంకారా గురించి

ముందే చెప్పేస్తాను. రెండు పక్కలా రాతిగోడలు, కాలు మోపడానికి చోటు లేని ఇరుకు లోయల్లో ట్రౌట్ అనే చల్లనీటి చేపని పట్టేవాళ్లకి టెంకారా రాడ్‌ని మించింది నాకైతే ఇంతవరకు తగల్లేదు. అదే వాగు కిందికి పారి, వెడల్పై నదిలో కలిసేచోట ఇదే రాడ్ పట్టుకుని నిలబడితే మాత్రం చిరాకేస్తుంది. కొనేముందు మీరు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మీరు ఎక్కువగా తిరిగేది వాగులోనా, నదిలోనా?

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. టెంకారా జపాన్ కొండవాగుల్లో పుట్టిన పద్ధతి. అక్కడ ఇవానా, యమామే, అమాగో చేపలు పట్టి అమ్ముకుని బతికేవాళ్లు వెదురు కర్రతో చేసిన పని ఇది. మిగతా ప్రపంచంలో 2009 తర్వాతే బాగా ప్రచారంలోకి వచ్చింది. దారం చుట్టే రీల్ ఉండదు, దారం జారే రింగులూ ఉండవు. ఒకదాంట్లో ఒకటి ఇమిడే కార్బన్ గొట్టాలు, కొసన అతికించిన లిలియన్ అనే చిన్న అల్లిక తాడు, దానికి ముడేసిన దారం, ఆ దారానికి టిపెట్ అనే సన్నటి చివరి దారం, దాని కొసన ఫ్లై, అంటే ఈకలతో పురుగులా కట్టిన కొక్కెం. ఉన్న సరంజామా ఇంతే. నాది జూమ్ రకం: 270 సెంటీమీటర్ల దగ్గర ఆపి వాడొచ్చు, పూర్తిగా లాగితే 320. మూస్తే అర మీటరు పైచిలుకు. బరువు వంద గ్రాములు కూడా ఉండదు. కంపెనీ పేరు జోలికి పోను, ఈ కొలతల్లో చాలామంది చేస్తున్నారు, నేను చెప్పేవి ఇంచుమించు అన్నిటికీ వర్తిస్తాయి.

లోయలో చేపల వేట అంటే సగం వేట, సగం కొండెక్కడం. ఒక మడుగు నుంచి పైమడుగుకి వెళ్లాలంటే మనిషెత్తు బండలు పాకాలి, పాచి పట్టిన రాళ్ల మీద చేతులు ఆనించి జరగాలి. మామూలు ఫ్లై రాడ్ పొడవుగా చేతిలో ఉంటే అక్కడే టెన్షన్ మొదలవుతుంది: కొస ఏ రాతికి తగులుతుందో, రీల్ ఎక్కడ గీసుకుపోతుందో అని. ఇది మూసేసి, దారం చుట్టకి చుట్టి, బ్యాగు పక్క జేబులో దోపేస్తే రెండు చేతులూ ఖాళీ. ఎక్కాక మళ్లీ లాగి గాలం నీళ్లలో పడటానికి నిమిషం చాలు. ఏ ప్రకటనలోనూ దీన్ని పెద్దగా చెప్పరు. నాకు మాత్రం దీని అసలు విలువ ఇదే. సాయంత్రానికి ఒంట్లో ఓపిక మిగిలేది దీనివల్లే.

ఇక పట్టే తీరు. లోయ వాగులో నీళ్లు ఎక్కడా ఒకే వేగంతో పారవు. ఒక పెద్ద బండ, దానికి రెండు పక్కలా తెల్లగా నురగలు కక్కుతూ దూకే పాయలు, బండ వెనక తలుపు పలక అంత మేర నిమ్మళంగా తిరిగే నీళ్లు. ట్రౌట్ ఉండేది అక్కడే. ఒళ్లు అలవకుండా నిలబడి, పాయలో కొట్టుకొచ్చే పురుగుని చటుక్కున అందుకుని మళ్లీ వెనక్కొచ్చేస్తుంది. మామూలు రాడ్‌తో ఫ్లైని ఆ నిమ్మళంలో వేస్తే మధ్యలో ఉన్న దారం పాయ మీద పడుతుంది. పాయ దారాన్ని లాగుతుంది, దారం ఫ్లైని లాగుతుంది. నీళ్లకి అడ్డంగా ఈదే పురుగుని ఏ చేపా నమ్మదు. టెంకారాతో రాడ్ కొసని పైకెత్తి పట్టుకుంటే దారమంతా గాలిలోనే ఉంటుంది. నీటిని తాకేది ఫ్లై, దాని వెనక జానెడు టిపెట్, అంతే. ఫ్లై ఆ చిన్న సుడిలో తన మానాన తాను ఒకసారి చుట్టూ తిరిగి వస్తుంది. ఆ తిరగడంలోనే దారం ఒక్క క్షణం ఆగినట్టు కనిపిస్తుంది. మణికట్టు అప్పుడే కదలాలి. అదురు చేతికి తెలిసేదాకా ఆగితే చాలాసార్లు చేప ఉమ్మేసి ఉంటుంది.

ట్రౌట్ ప్రవాహానికి ఎదురు మొహం పెట్టి నిలబడుతుంది కాబట్టి కిందినుంచి ఎగువకి వెళ్లడమే మేలు. పైగా నీళ్లలోంచి చేపకి పైలోకం కనబడేది దాదాపు 97 డిగ్రీల వలయంలోంచే. మనం ఎంత ఒంగి ఉంటే ఆ వలయం అంచుకి అంతగా నొక్కుకుపోతాం. మూడు మీటర్ల రాడ్ చేతిలో ఉంటే బండ వెనక మోకాళ్ల మీద కూర్చునే పని కానివ్వొచ్చు. నేను 320 వాడేది తెరిపి ఉన్న మడుగుల్లో. తలమీదికి కొమ్మలు వంగినచోట 270కి తగ్గిస్తాను. ఈ రెండో పొడవు లేని రాడ్ లోయలకి కొనకండి. దారం మాత్రం రాడ్ పొడవుకి మించకుండా కట్టుకుంటాను. మించితే చేప దగ్గరికొచ్చాక రాడ్ వెనక్కి వాల్చి, దారాన్ని చేత్తో అందుకుని లాక్కోవాలి. జారే రాతి మీద ఒంటికాలితో చేయాల్సిన పని కాదది.

ఫ్లైల విషయం ఎక్కువ చెప్పను. ఈకలు ముందుకి వంగేలా కట్టిన సకాసా కెబరీ, 12 సైజు, రెండు రంగుల్లో పెట్టుకుంటే నాకు సరిపోతోంది. కొక్కెం ముల్లు మాత్రం పట్టకారుతో నొక్కేయండి.

తగిన సైజు చేప పడితే ఈ రాడ్ వంగే తీరు చూడముచ్చటగా ఉంటుంది. అరచేయంత చేప కూడా పిడిదాకా వణికిస్తుంది. కానీ మోచేయంత బ్రౌన్ ట్రౌట్ పడి కిందిమడుగు వైపు పరుగందుకుంటే మన దగ్గర వదలడానికి దారం లేదు. దాని వెంట మనమే పరిగెత్తాలి, లోయలో పరిగెత్తడానికి నేల ఉండదు. రాడ్‌ని పక్కకి వాల్చి, చేప తలని ఒడ్డువైపు తిప్పడం ఒక్కటే దారి. అది కుదరకపోతే టిపెట్ తెగుతుంది, తెగాలి కూడా. అందుకే 5ఎక్స్ కంటే లావు టిపెట్ కట్టొద్దు. 11లోంచి ఎక్స్ ముందున్న అంకె తీసేస్తే టిపెట్ మందం అంగుళంలో ఎన్ని వెయ్యో వంతులో వస్తుంది. 5ఎక్స్ అంటే ఆరు, అంటే 0.15 మిల్లీమీటర్లు. అంతకన్నా గట్టిది కడితే తెగేది దారం కాదు, విరిగేది రాడ్. నది కలిసేచోట నాకు దీని మీద చిరాకు అందుకే: పెద్ద చేపలు ఉండేదీ అక్కడే, అవతలి పాయకి ఫ్లై అందనిదీ అక్కడే.

రెండో బలహీనత గాలి. ఎండెక్కేకొద్దీ లోయలో గాలి కిందినుంచి ఎగువకి వీస్తుంది, రాత్రికి తిరగబడుతుంది. మనం ఎగువకే విసురుతాం కాబట్టి మధ్యాహ్నపు గాలి సాయం చేస్తుందనుకుంటాం. విసరడానికి చేస్తుంది నిజమే. పడ్డాక గాలిలో వేలాడే దారాన్ని పతంగులా లేపి, ఫ్లైని నీళ్ల మీంచి ఎత్తుకుపోతుంది. నేను 3.5 నంబరు దారం విప్పేసి, అంతకన్నా లావు, బరువు ఉండే 4.5 నంబరుది కడతాను, రాడ్ కొస కిందికి దించి చేపలు పడతాను. కొంత నయం. గాలి మరీ ముదిరితే తినడానికి కూర్చోవడమే.

ఇన్ని సీజన్లలో నేను చూసిన తిప్పలన్నీ దాదాపు రాడ్ తెరిచేటప్పుడు, మూసేటప్పుడు వచ్చినవే. లోయ నీళ్లలో సన్నటి ఇసుక ఉంటుంది. అది గొట్టాల మధ్య చేరితే కీళ్లు బిగుసుకుపోతాయి. తెరిచేటప్పుడు సన్న కొస నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే లాగాలి. మూసేటప్పుడు పిడి దగ్గరి లావు గొట్టం ముందు. కీలుకి దగ్గరగా పట్టుకుని తిన్నగా నొక్కాలి, మెలితిప్పితే సన్న గొట్టం పుటుక్కుమంటుంది. బిగుసుకుంటే తడి రబ్బరు ముక్కలతో రెండు వైపులా పట్టుకుంటే చాలావరకు వదులుతుంది. ఫ్లై కొమ్మకి చిక్కితే రాడ్‌తో గుంజొద్దు. రాడ్ మూసుకుంటూ వెళ్లి దారాన్ని చేత్తో పట్టుకుని లాగాలి. ఇంటికొచ్చాక అడుగు మూత విప్పి, గొట్టాలన్నీ బయటికి తీసి, మంచినీళ్లతో కడిగి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. తడిగా మూసి పెడితే పైపూత పొక్కుతుంది.

కార్క్ పిడి అక్కడక్కడా గుంటలు పడింది తప్ప గట్టిగానే ఉంది. లిలియన్ కొస నూలులా విడిపోతూ వచ్చింది, కత్తిరించి ముడేస్తే మళ్లీ పనిచేస్తోంది. కొసకి పెట్టే చిన్న బిరడా డిజైన్ మాత్రం ఎవరు చేశారో గానీ, రాళ్ల మధ్య పడితే కనబడని రంగు, దొర్లిపోయే ఆకారం. దానికి ఎర్రదారం కట్టి బ్యాగుకి తగిలించుకున్నాకే నాకు నెమ్మది.

కార్బన్‌లో కరెంటు పారుతుంది. ఉరుము వినబడితే రాడ్ మూసి పక్కన పెట్టాల్సిందే. మన నెత్తిన ఆకాశం నీలంగా ఉన్నా, ఎగువన ఎక్కడో వాన పడితే ఇరుకు లోయలోకి వరద ఒక్కసారిగా వస్తుంది. నీళ్లు మట్టిరంగుకి తిరగడం, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకురావడం, మోత మారడం కనబడితే గాలం సర్దుకోవడం కూడా కాదు, ముందు పైకెక్కాలి. దారం కత్తిరించి రాడ్ మూయడానికి పట్టేది కొద్ది క్షణాలే అయినా, ఆ క్షణాలు కూడా లేకపోతే అక్కడే వదిలేయండి.

చేపని వదిలేసేవాళ్లకి ఇంకో లాభం: చిన్న చేప ఎక్కువసేపు పెనుగులాడకుండానే చేతికొస్తుంది. అయినా నీటి వేడి 20 డిగ్రీలు దాటితే నేను గాలం వేయను. వేడినీళ్లలో ఆక్సిజన్ తగ్గి, వదిలిన చేప కూడా కోలుకోకపోవచ్చు. వేసవిలో థర్మామీటర్ జేబులో ఉండాల్సిందే.

పెద్ద నదులూ, చెరువులూ మీవైతే, లేదా చేప పరుగుతీస్తే రీల్ గిరగిరా తిరిగే మోత కోసమే మీరు వేటకి వెళ్తుంటే ఇది కొనకండి, వారానికే విసుగొస్తుంది. లోయ వాగులే మీవైతే, కొనేటప్పుడే కొస గొట్టాలు రెండు మూడు విడిగా అమ్ముతారో లేదో కనుక్కోండి. అవి దొరకని రాడ్ ఎంత బాగున్నా వద్దు. నా రాడ్‌లో ఇప్పటికి మార్చాల్సి వచ్చింది పైనుంచి రెండో గొట్టం, దాన్ని బండ మీదే కూర్చుని మార్చేసుకున్నాను.