ఏడున్నర వేలకు మామిడితోపు

సంక్రాంతి వెళ్లిన వారానికి మేము నలుగురం తిరుపతిలో దిగాము. శేషాచలం అడవిలో రెండు రాత్రులు గడిపి, దారి తప్పినవాడు ప్రాణాలతో ఎలా బయటపడాలో నేర్చుకుందామన్న ఆశతో మనిషికి 7,500 రూపాయల చొప్పున 30,000 రూపాయలు ముందుగానే కట్టి ఉన్నాము. తీరా మేము గడిపింది ఒక్క రాత్రి, అది కూడా భాకరాపేట దాటాక రోడ్డుకు కూతవేటు దూరంలో ఉన్న తోతాపురి మామిడితోపులో. తిరుపతిలో బస్టాండు దగ్గర 1,400 రూపాయలకు దొరికిన లాడ్జి గదికి వంక పెట్టడానికేమీ లేదు కనుక దాని గురించి చెప్పను. చెప్పవలసినదంతా ఆ తోపు గురించే.

ఈ ప్రయాణానికి మూలం మా బావ. మా అక్కా ఆయనా ఇరవై ఏళ్లుగా అమెరికాలోని కొలరాడోలో ఉంటున్నారు. అక్కడ వేట చట్టబద్ధం కావడంతో ఆయన ఏటా శరదృతువులో లైసెన్సు తీసుకుని, ఎల్క్ అనే పెద్ద దుప్పి కోసం కొండలెక్కుతాడు. 1949 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు వేట భద్రత పాఠం పూర్తి చేయకపోతే అక్కడ లైసెన్సు ఇవ్వరట. తుపాకీ వేట కాలంలో ఒంటి మీద 500 చదరపు అంగుళాల మేర, కళ్లు జిగేలుమనే నారింజ రంగో గులాబీ రంగో ఉండి తీరాలట. లైసెన్సు రుసుములో కొన్ని సెంట్లు, తప్పిపోయినవారిని వెతికే దళాల ఖర్చుల నిధికి వెళతాయట. ప్రతి సెలవులోనూ ఇవన్నీ చెప్పి మమ్మల్ని విసిగించే బావ, 'వేటగాళ్ల నైపుణ్యాలతో అడవిలో మనుగడ' అన్న ప్రకటన చూడగానే కరిగిపోయాడు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం కాబట్టి, తుపాకీ లేకుండా నడిచేవారికి పనికివచ్చే భాగమే నేర్పుతామని నిర్వాహకులు ఫోనులో చెప్పారు, ఆ మాట మాకూ నచ్చింది. మా బామ్మర్ది మాత్రం మొదటి నుంచీ అనుమానిస్తూనే ఉన్నాడు. ఇంజనీరింగు రెండో ఏడు చదువుతున్న మా అబ్బాయికి ఫోను ఛార్జింగు తప్ప వేరే దిగులు లేదు.

మొదటి దెబ్బ అటవీ చెక్‌పోస్టు దగ్గర తగిలింది. అనుమతి పత్రం అడిగితే నిర్వాహకుడు 'ప్రాసెస్‌లో ఉంది' అన్నాడు. 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కుగా, 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించిన కొండలివి. పైగా ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల ఈ దక్షిణ భాగంలోనే కావడంతో దొంగరవాణా మీద నిఘా గట్టిగా ఉంటుంది. గుడారాలు, కత్తులు, తాళ్లు వేసుకుని పద్నాలుగు మందితో వచ్చిన వ్యానును ఏ ఉద్యోగి లోపలికి వదులుతాడు? ఆయన మర్యాదగానే వెనక్కి పంపాడు. అరగంట ఫోన్లు మాట్లాడిన నిర్వాహకుడు, తెలిసినవారి తోపు ఉందని, 'పాఠం ఎక్కడైనా పాఠమే' అని వ్యానును తిప్పించాడు. బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

తోపులో దిగగానే తలా ఒక సంచి ఇచ్చి, దానికి 1,850 రూపాయలు వేరుగా వసూలు చేశారు. అందులో ఒక ఈల, దిక్సూచి, చెకుముకి కడ్డీ, తళతళలాడే పలచటి దుప్పటి, తలకు కట్టుకునే లైటు, తీగ రంపం ఉన్నాయి. దిక్సూచి పనితీరు మా అబ్బాయే బయటపెట్టాడు. ముగ్గురి దిక్సూచులను బల్ల మీద వరుసగా పెడితే అవి మూడు ఉత్తరాలు చూపించాయి. ఈల ఊదితే గాలి వచ్చింది గానీ మోత రాలేదు. ప్రమాదంలో ఉన్నామని తెలిపే గుర్తు ఆగి ఆగి మూడుసార్లు ఈల వేయడమని బావ చెప్పబోతే, శిక్షకుడు అది రేపటి పాఠంలో వస్తుందన్నాడు. ఆ రేపు మాకు రాలేదు.

నీటి పాఠంలో కొమ్మకు పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి కట్టి, ఆకులు వదిలే ఆవిరి నీరవుతుందని చెప్పారు. ఆ మాట నిజమే. అయితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కట్టి ఉంచినా రెండు చెంచాలు కూడా రాలేదు, ఎండలో నడిచే మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు కావాలి. వెంట ఎంత మోయాలి, ఊట నీటిని ఎంతసేపు మరిగించాలి, క్లోరిన్ బిళ్ల వేశాక ఎంతసేపు ఆగాలి అన్నవి అడిగినవాడు లేడు, చెప్పినవాడూ లేడు. నిప్పు పాఠం ఇంకా విడ్డూరం. చెకుముకి కడ్డీ గీకి ఎండు మామిడాకులను అంటించగానే తోపు కాపలాదారు బిందెతో పరుగెత్తుకొచ్చి, నానా మాటలు అని ఆర్పేశాడు. తప్పు ఆయనది కాదు. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరమన్న సంగతి కూడా చెప్పకుండా ఈ విద్య నేర్పేవారిని ఏమనాలి?

నాకు నిజంగా కోపం తెప్పించింది పాము పాఠం. కాటు పడగానే పైన తాడుతో బిగించి కట్టాలని, బ్లేడుతో గాటు పెట్టి నెత్తురు పీల్చాలని శిక్షకుడు కాలు చూపించి మరీ నేర్పాడు. ఈ రెండూ మనిషిని కాపాడకపోగా కాలు పోయేట్టు చేస్తాయి. చేయవలసినది చాలా తక్కువ. కాటు పడిన అవయవాన్ని విరిగిన ఎముకకు కట్టినట్టు కర్ర ఆసరాతో కదలకుండా ఉంచాలి, ఉంగరాలూ గొలుసులూ తీసేయాలి, కాటు వేసిన సమయం గుర్తు పెట్టుకోవాలి, మనిషిని నడిపించకుండా మోసుకువెళ్లి 108కి అప్పగించాలి. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటికీ కలిపి తయారైనదే గనుక, పామును చంపి సంచిలో వేసుకుని తిరుపతి రుయా ఆసుపత్రికి పరుగెత్తవలసిన పని లేదు. బావ ఇవే మాటలు నెమ్మదిగా చెబితే శిక్షకుడు 'అది అమెరికా పద్ధతి సార్' అని కొట్టిపారేశాడు.

ఆ రాత్రి భోజనమని నూడిల్స్ పొట్లాలు ఇచ్చారు. మా గుడారానికి జిప్పు సగం దాకానే పడింది. నేల మీద నిద్రపోయేవారిని రాత్రిపూట కాటువేసే అలవాటున్న పాము కట్లపాము, దాని కాటుకు ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు. బామ్మర్ది చెప్పులూ సంచులూ ఆ సందులో కుక్కి, దాని పక్కనే కూర్చుని తెల్లవార్లూ నిర్వాహకుడి వంశాన్ని తలచుకున్నాడు. తెల్లవారగానే డబ్బు అడిగాము. 'తిరిగి ఇవ్వబడదు' అన్న అక్షరాలు చూపించారు. గంట వాదించాక మనిషికి 1,000 రూపాయలు ఇస్తామన్నారు గానీ, అయిదు నక్షత్రాలతో మంచి అభిప్రాయం రాయాలని షరతు పెట్టారు. ఆ వెయ్యి మాకు వద్దన్నాము.

అక్కడి నుంచి 1,400 రూపాయలకు జీపు మాట్లాడుకుని, నేరబైలు మీదుగా తలకోన చేరి, ప్రవేశ రుసుము కట్టి, 1,800 రూపాయల గది తీసుకున్నాము. గది సాదాగా ఉంది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, కోతులు ఉన్నాయి కనుక కిటికీ మూసి ఉంచమని ముందే చెప్పారు. మధ్యాహ్నం ఒక పాకలో రాగి సంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరుబిండి నలుగురికి 720 రూపాయలు అయింది. ముందు రోజు నుంచి నోరు విప్పని బావ రెండో ముద్దకు మనుషుల్లో పడ్డాడు. మర్నాటికి అక్కడి సిబ్బంది, తమకు తెలిసిన ఒక యానాది పెద్దాయనను మాకు తోడు ఇచ్చారు. రోజుకు 800 రూపాయలు అడిగాడు, సాయంత్రం మేము 1,500 ఇచ్చాము.

ఆయన చేతిలో ఒక కర్ర, భుజాన తువ్వాలు, రెండు లీటర్ల నీళ్ల సీసా తప్ప ఏమీ లేవు. బయలుదేరే ముందు మా చెప్పులూ బూట్లూ చూశాడు. 'ఇంట్లో ఎవురికి చెప్పినారు సామీ, యాడికి పోతాండారో, ఎప్పుడొస్తారో?' అని అడిగాడు. ఎవరికీ చెప్పలేదని ఒప్పుకోవలసి వచ్చింది. గదుల దగ్గరి కుర్రవాడికి దారీ, తిరిగివచ్చే వేళా చెప్పించి, సాయంత్రం నాలుగు దాటితే వెతకమని అప్పగించాకే కదిలాడు. కొలరాడోలో వేటకు పోయేవాడు ఇంటి తలుపు మీద అతికించి వెళ్లే కాగితం కూడా సరిగ్గా ఇదేనని బావ ఆశ్చర్యపోయాడు.

దారి పొడుగునా ఆయన మలుపు వచ్చినప్పుడల్లా గట్టిగా దగ్గాడు. ఎలుగుబంటి మనిషిని చూసి బెదిరితేనే మీద పడుతుంది, మన రాక ముందుగా తెలిస్తే తన దారిన తాను పోతుందన్నాడు. పడిపోయిన మానును ఒక్క అంగలో దాటనివ్వలేదు. ముందు దాని మీద ఎక్కి, అవతల ఏముందో చూసి దిగమన్నాడు. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో చిరుత ఒక పాపను చంపిన తరువాత భక్తులకు చేతికర్రలు ఇచ్చినప్పుడు నవ్వినవాళ్లలో మా బామ్మర్ది ఒకడు. ఆ మాట ఎత్తితే పెద్దాయన నవ్వలేదు. కర్ర కొట్టడానికి కాదని, నేల మీద తడితే పాము తప్పుకుంటుందని, పైకెత్తితే మనిషి పొడుగ్గా కనిపిస్తాడని, పిల్లలను నడుమ పెట్టుకుని గుంపుగా నడవడం మాత్రం కర్ర కంటే ముఖ్యమని చెప్పాడు.

వాగు దగ్గర ఆయన చెప్పినదాన్ని మా అబ్బాయి ఫోనులో రాసుకున్నాడు. తేటగా పారే నీరు ఉన్నట్టుండి ఎర్రబడినా, చెత్తాకులు కొట్టుకువచ్చినా, పైన ఎక్కడో వాన దంచిందని అర్థం. సంచి కోసం కూడా వెనక్కి తిరగకుండా గట్టెక్కాలి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులే ఏరులైపోయి, శ్రీవారి మెట్టు దారి నెలల తరబడి మూతపడింది. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, కోనల్లో రాత్రి మకాం వేద్దామనేవారు ఆ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

పెద్దాయన తాత తుపాకీ దొరలకు జాడ చూపిన మనిషట. దారి తప్పితే ఏం చేసేవారని బావ అడిగాడు. 'కూసోవాల సామీ. నీళ్లు తాగి, కూసోని, వచ్చిన దోవ తలుచుకోవాల. పరిగెత్తినోడే సచ్చేది' అన్నాడు. బావ తన మొదటి ఏడు మంచులో దారి తప్పి, భయంతో గంటన్నర గిరగిరా తిరిగి, చివరికి తన అడుగుల మీదకే తాను వచ్చిన కథ అప్పుడు చెప్పాడు. పదేళ్లుగా ఆయన వేట కబుర్లు వింటున్న నాకు కూడా అది కొత్త కథే. అక్కడ తడిసిన నూలు బట్ట ఒంటి వేడిని లాగేసి మనిషిని చంపుతుందని ఉన్ని తొడుక్కుంటారట. ఇక్కడ ఆ అలవాటుతోనే వచ్చిన బావ పదకొండు గంటలకల్లా చెమటతో ముద్దయి, పెద్దాయన తువ్వాలు అడిగి వాగులో తడిపి తలకు చుట్టుకున్నాడు. ఎండ కొండల్లో తడి నూలుబట్టను మించినది లేదు.

270 అడుగుల ఎత్తు నుంచి దూకే జలపాతాన్ని చూస్తూ ఇంకొంచెం పైకి పోదామని మేమంటే, నీడ పొట్టిదైన వేళకు పెద్దాయన వెనక్కి తిప్పేశాడు. ఎక్కినంతసేపూ దిగాలి కదా అన్నది ఆయన లెక్క. మూడున్నరకు గది దగ్గర ఉన్నాము.

మళ్లీ వెళితే నేను తిరుపతి బజారులో 150 రూపాయలకు నిక్కమైన లోహపు ఈల, 350కి తలలైటు, రెండు క్రేప్ కట్లు, నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు కొంటాను. బొరుగులు, వేయించిన చెనిక్కాయలు, బెల్లం ఇంటి నుంచే కట్టుకుంటాను. మనిషికి మూడు లీటర్లకు తగ్గకుండా నీళ్లు మోస్తాను. నేరబైలు దాటాక మా ఫోన్లలో సిగ్నల్ పోయింది. మన కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే ఏ కంపెనీది అందినా 112కు ఫోను వెళుతుంది, ఏదీ అందకపోతే వెళ్లదు. అందుచేత దారి పటం ముందే దించుకుని, నడుస్తున్నంతసేపూ ఫోనును విమాన మోడ్‌లో పెట్టి బ్యాటరీ దాచుకోవాలి.

నిన్న ఆ నిర్వాహకుడి నుంచి సందేశం వచ్చింది. వచ్చే నెలలో పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యంలో రెండు రాత్రులు, 8,500 రూపాయలు, పాత సభ్యులకు పది శాతం తగ్గింపు. 1980లలో పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చిన ఏనుగులు స్థిరపడిన అడవి అది. చీకటి పడ్డాక అంచు గ్రామాల రైతులే పొలానికి పోవడానికి జంకుతారు. సగం జిప్పు గుడారాలతో అక్కడికి మనుషులను తీసుకుపోతామంటే భయం వేసి, ఆ సందేశాన్ని బావకు పంపాను. కొలరాడోలో అప్పుడు అర్ధరాత్రి. అయినా రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది: 'ఈసారి ఏ తోపట? చింతతోపా, టెంకాయతోపా?'