కార్డా, వీడియోనా, గోడ చార్టా: ఉద్యోగం కోసం కొత్తవాళ్లను పరిచయం చేసుకునే మాటతీరు నేర్పడానికి ఏది మేలు?

"ఏం మాట్లాడాలో గుర్తుచేసే కార్డు ఇస్తే బట్టీ పడుతున్నారు, వీడియో పెడితే నవ్వుకుంటున్నారు. మరి దేనితో నేర్పాలి?" విజయవాడ, గుంటూరు కాలేజీల్లో ప్లేస్‌మెంట్ క్లాసులు చెప్పేవాళ్లు తరచూ అడిగేది ఇదే. చూడాల్సినవి రెండు. జాబ్‌మేళాలోనో, ఆటోనగర్ వర్క్‌షాపు గుమ్మంలోనో విద్యార్థి ఒంటరిగా నిలబడ్డప్పుడు మనమిచ్చిన ఆసరా (కార్డో, వీడియోనో, చార్టో) వెంట ఉంటుందా? అలవాటయ్యాక దాన్ని మెల్లగా తీసెయ్యగలమా?

గోడ చార్టు ఇక్కడే తేలిపోతుంది. క్లాసులో పనికొస్తుంది, క్లాసులోనే ఉండిపోతుంది.

గొంతు ఎంత ఉండాలో, ఎంత దూరంలో నిలబడాలో కాగితం చూపలేదు, వీడియో చూపుతుంది. 40 సెకన్లు దాటనివ్వకండి. ఒక్కో క్లిప్పులో ఒక్క పనే: పలకరింపు, లేదా సెలవు తీసుకోవడం. చూసిన వెంటనే చేయించాలి. సూటూబూటూ వేసుకుని ఇంగ్లిష్ దంచే వీడియోలైతే అది తమవల్ల కాదనుకుంటారు. సీనియర్ చేత తెలుగులోనే చెప్పించి ఫోన్‌లో తీయండి.

అయినా మొగ్గు కార్డుకే. విజిటింగ్ కార్డంత అట్ట మీద నాలుగు బొమ్మలు: దండం (నమస్కారం, పేరు), మనిషి ("ఫలానా మేడమ్ మిమ్మల్ని కలవమన్నారండి"), ప్రశ్నార్థకం (అక్కడి పని గురించి ఒక ప్రశ్న), ఫోన్ (నంబరు అడగడం). పూర్తి వాక్యాలు రాయకండి. రాస్తే అప్పజెప్పేస్తారు; అవతలివాళ్లు మధ్యలో ఏదైనా అడిగితే మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటారు. చాలామంది మూడో బొమ్మ దాటేసి "ఉద్యోగం ఉందా సార్" అనేస్తారు, కాబట్టి దాన్ని ఎర్ర ఇంకుతో గీయండి. "ఖాళీల్లేవు" అంటే ఏమనాలో వెనకవైపు: "మళ్లీ ఎప్పుడు కనుక్కోమంటారండి?" ఇంతకు మించిన ఫ్లోచార్టయితే మాట్లాడుతూ వెతుక్కోవాలి.

తీసెయ్యడం ఒక్కసారిగా కాదు. మొదట చేతిలో, తర్వాత జేబులో, ఆపైన బాగా వచ్చేసిన బొమ్మలు ఒక్కొక్కటే కొట్టేసిన కార్డు. ఆటిజం ఉన్న విద్యార్థుల దగ్గర ఆ తొందర కూడా వద్దు. సరుకులకు వెళ్తే మనం చీటీ పట్టుకెళ్లమా? వాళ్ల కార్డులో "కళ్లలోకి చూడు" అని కన్ను బొమ్మ పెట్టకండి, ఎదుటి మనిషి వైపు తిరిగి నిలబడితే చాలు.

కార్డును ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకోవచ్చు. అయితే అది బస్సులో చూసుకోవడానికే; ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఫోన్ తీయడం మర్యాదగా ఉండదు.