పేజీల మధ్య డేటా: వెంట పంపడమా, ఒకచోట ఉంచడమా?

మండపేటలో ఒక రైస్ మిల్లుకి విన్‌యూఐలో (విండోస్ యాప్‌ల తెరలు కట్టే మైక్రోసాఫ్ట్ సాధనం) ప్రోగ్రాం రాస్తున్నామనుకోండి. కాటా పేజీలో ఎక్కించిన బస్తాలు, తేమ శాతం బిల్లు పేజీకి అందాలి.

ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి తీసుకెళ్లే ఫ్రేమ్.నావిగేట్‌తో పారామీటర్ (వెంట వెళ్లే విలువ) పంపడం తేలిక. అవతలి పేజీ, తన దగ్గరికి రాగానే నడిచే ఆన్‌నావిగేటెడ్‌టూలో అందుకుంటుంది. టోకెన్ నంబరు వరకైతే ఇదే చాలు. మొత్తం ఆబ్జెక్టే పంపితే మాత్రం, తిరిగిన పేజీల వరసని దాచుకోడానికి వాడే గెట్‌నావిగేషన్‌స్టేట్ మొరాయిస్తుంది. దానికి స్ట్రింగ్, అంకెల్లాంటి సాదా రకాలే కావాలి.

రెండు పేజీలకీ ఒకే వ్యూమోడల్ (పేజీలో కనిపించే డేటాని ఉంచుకునే ఆబ్జెక్టు) ఇస్తే, తేమని 17 నుంచి 18కి దిద్దగానే బిల్లులో కోత దానంతటదే మారుతుంది. (పేజీని డేటాకి ముడివేసే ఎక్స్‌బైండ్ డిఫాల్ట్ వన్‌టైమ్, అంటే ఒక్కసారే చదువుతుంది; వన్‌వే అని రాయకపోతే మారదు!) చిక్కల్లా పాత డేటాతోనే. కొత్త ట్రాక్టర్ వచ్చినప్పుడు తుడవకపోతే ఒక రైతు బస్తాలు ఇంకో రైతు బిల్లులో పడతాయి. ఇక కాటా దగ్గర గొడవే.

నేనైతే టోకెన్ నంబరు మాత్రం పారామీటర్‌గా పంపి, మిగతాది వ్యూమోడల్లో ఉంచుతాను.